ఉలి పట్టిన అంకెలు

ధర్మవరం పట్టుచీర అంచుమీద బారులు తీరిన హంసలను చూసి మురిసిపోనివారు వుండరు. కాని ఆ హంస వంపు మగ్గానికి ఎట్లా తెలిసింది? మగ్గంమీద దండలా వేలాడే చిల్లుల అట్టలు చెప్పినవి! అట్టలో చిల్లు వున్నచోట ఒక దారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు దేశస్థుడు జక్వార్డు చేసిన ఏర్పాటు ఇది. మన నేతగాళ్లు నేటికీ దానిని జకార్డు అనే పిలుస్తున్నారు.

ధర్మవరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో వున్న పుట్టపర్తిలో, నాకు తెలిసిన ఒక వడ్రంగి కుటుంబంలో తండ్రీకొడుకుల మధ్య తగవు పుట్టింది. కంప్యూటరు చెప్పినట్లు చెక్కను చెక్కే యంత్రం కొనాలని కొడుకు పట్టుదల. తండ్రి ఇష్టపడలేదు.

“మావోడు అప్పు చేసి మిషను తెస్తానంటాండాడు సామీ! దానికి కర్ర గుణం తెలుసునా? నా ఉలికి తెలుసు,” అన్నాడు పెద్దాయన నాతో.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ యంత్రం ఏమిటో తెలియాలి. సరదాకు చెక్కపని నేర్చుకునే చదువరులకు కూడా పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

దీనికి సి.యన్.సి. అని పేరు. అంకెలతో నడిచే యంత్రమని అర్థం. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టరు రెక్కలు తయారుచేసేవాడు. వాటి వంపులు చేతి అంచనాకు లొంగేవి కావు. ఆ వంపులమీద ఒక్కొక్క బిందువు ఎక్కడ వున్నదో అంకెలలో లెక్కకట్టించి, ఆ అంకెల ప్రకారం లోహాన్ని కోయించవచ్చునని ఆయన తలచాడు. ఆ ఆలోచన పట్టుకుని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 1952లో చిల్లుల కాగితపు పట్టీతో నడిచే యంత్రాన్ని ప్రదర్శించారు. చూశారా! హంసను నేసిన చిల్లే లోహాన్నీ కోసింది. నేడు చిల్లులు పోయి కంప్యూటరు వచ్చింది. సూత్రం మాత్రం మారలేదు.

ఇక యంత్రంలోపల ఏమున్నది? ఒక బల్ల. దానిపైన వేగంగా తిరిగే చిన్న కోతముక్క. దీనిని బిట్టు అంటారు. ఆ బిట్టు మూడు దిక్కులలో కదులుతుంది: కుడి ఎడమలకు ఎక్స్, ముందు వెనుకలకు వై, పైకీ కిందికీ జడ్. ఒక్కొక్క దిక్కుకు ఒక్కొక్క మోటారు. ఈ మోటారు మామూలు ఫ్యాను మోటారులా గిర్రున తిరగదు, అడుగులు వేస్తుంది. సాధారణంగా ఒక చుట్టుకు 200 అడుగులు. దానికి బిగించిన మరచుట్టు కడ్డీ ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపితే, ఒక్క అడుగుకు మిల్లీమీటరులో నలభయ్యవ వంతు జరిగినట్లు. ఇంత సన్నని కదలిక చేతికి అలవడాలంటే ఎన్నేళ్లు పడుతుందో వడ్రంగిని అడగండి.

మొదట కంప్యూటరులో బొమ్మ గీయాలి. తరువాత బిట్టు ఏ దారిన, ఎంత లోతున, ఎంత వేగంతో పోవాలో నిర్ణయించాలి. అప్పుడు కంప్యూటరు ఆ దారిని ఆజ్ఞలుగా మారుస్తుంది. “జి 0” అంటే కోయకుండా చప్పున ఫలానా చోటికి పో. “జి 1” అంటే కోస్తూ తిన్నగా పో. “జి 2”, “జి 3” అంటే వంపు తిరుగు. ఇదంతా రాక్షసభాష కాదు. పది పదిహేను మాటలు తెలిస్తే చాలావరకు చదవవచ్చు.

కొత్తవారు ముందుగా తెలుసుకోవలసినది వేగం లెక్క. బిట్టు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. దానికి రెండు అంచులు. ఒక్కొక్క అంచు ఒక మిల్లీమీటరులో పదో వంతు పొర తీయాలంటే 18,000ను రెండుతోను, పదో వంతుతోను గుణించాలి. నిమిషానికి 3,600 మిల్లీమీటర్లు జరగాలన్నమాట. భయపడి మరీ నిదానంగా జరిపితే బిట్టు కోయడం మాని రాపిడి పెడుతుంది. చెక్క మాడి నల్లబడుతుంది. చిన్న యంత్రానికి అంత బలం లేకపోతే లోతు తగ్గించి నాలుగైదు సార్లు నడపాలి.

రెండోది, బిట్టు గుండ్రనిది. 6 మిల్లీమీటర్ల బిట్టుతో చతురస్రపు గుంట తీస్తే లోపలి మూలలు 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగానే మిగులుతాయి. ఆ మూల పదునుగా రావాలంటే మళ్లీ ఉలి పట్టవలసిందే!

మూడోది, పెద్దాయన అడిగిన కర్ర గుణం. గాలిలోని తేమనుబట్టి చెక్క పెరుగుతుంది, తరుగుతుంది. పొడవునా మార్పు దాదాపు వుండదు, అడ్డంగానే ఎక్కువ. అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఇక్కడి ఎండాకాలపు గాలి చెక్కలోని తడిని పీల్చేస్తుంది. తేమ ప్రాంతం నుంచి వచ్చిన పలకను ఆరనీయకుండా చెక్కితే నెల తిరిగేలోగా వంగవచ్చు, పగలవచ్చు. ఆరిన పలక ఎండాకాలంలో ఫ్రేము గాడికి సరిగ్గా సరిపోయినా, వానలకు ఉబ్బి ఫ్రేమును తోస్తుంది. అందుకే అనుభవంగల వడ్రంగి గాడిలో కాస్త చోటు వదులుతాడు. యంత్రం వదలదు. 400 మిల్లీమీటర్లని చెబితే 400 కోస్తుంది. 397 కోయమని చెప్పవలసినవాడు కర్ర గుణం ఎరిగినవాడే.

ముడి వున్నచోట, పొర ఎదురు తిరిగినచోట ఉలి పట్టిన చెయ్యి తనంతట తానే తగ్గుతుంది. మామూలు యంత్రానికి అట్టి స్పర్శ లేదు. పలకను ఎటు తిప్పి బిగించాలో, ఏ ముక్కను పక్కన పెట్టాలో మనిషే చూడాలి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. చెక్కను గట్టిగా బిగించాలి. కళ్లకు అద్దాలు వుండాలి. వదులు చొక్కా చేతులు, కండువా పనికిరావు. సన్నపొట్టును తేలికగా తీసుకోవద్దు: చెక్కపొడి మనుషులలో క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో తేల్చింది. ముక్కుకు తగిన మాస్కు, పొట్టు పీల్చే గొట్టం తప్పనిసరి. కరెంటు మధ్యలో పోతే యంత్రం తానెక్కడ వున్నదో మరిచిపోతుంది. మొదటి బిందువును చెక్కమీద గుర్తు పెట్టుకుంటే తిరిగి అక్కడినుంచి లెక్క సరిచూసుకోవచ్చు.

ఇదంతా విన్న పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. “అయితే కొలత నేనే చెప్పల్లనా?” అన్నాడు చివరకు. మీరే చెప్పాలన్నాను. కొడుకుకు కూడా నాకు తోచిన మాట చెప్పాను. ముందు బొమ్మగీత నేర్చుకోమన్నాను. దానికి వుచితంగా దొరికే ప్రోగ్రాములున్నాయి. యంత్రమున్న కొట్టులో కూలి యిచ్చి నాలుగు తలుపులు చెక్కించి, ఏ తలుపుకు ఎంత మిగిలిందో రాసుకొమ్మన్నాను. అప్పు సంగతి ఆ లెక్క చూసి ఆలోచించవచ్చు.

అతను కాగితం తీసుకుని మొదటి తలుపు కొలతలు రాయబోయాడు. తండ్రి పెన్సిలు లాక్కుని, పలక వెడల్పులో మూడు మిల్లీమీటర్లు కొట్టివేశాడు.