బండికి కొత్త రంగు కొట్టించే ముందు రోంత ఆగండి

మా మామ జావా బండికి కొత్త రంగు కొట్టించింది నేనే. ఆ తప్పు ఇంగొకరు చెయ్యకూడదని ఇది రాస్తాండా.

మెరూన్ రంగు బండి. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైంది. నలభై ఏండ్లు పుంగనూరు, మదనపల్లె దారుల్లో తిరిగి రంగు మాసిపోయింది. వెనక మడ్‌గార్డు మింద పాల క్యాన్లు కట్టిన తాడు రాసుకుని రెండు పక్కలా గీతలు పడినాయి, వాటిలో ఇనుము కనపడతాండె. మామ పోయినాక, ఆయన గుర్తుగా బండి ముచ్చటగా ఉండాలని మొత్తం గీకించి తళతళలాడే పెయింటు కొట్టించినా. ఇంటి ముందర నిలబెడితే మా అత్త చుట్టూ తిరిగి చూసి, "బాగుండాది నాయనా, ఎవరిదీ బండి?" అనింది.

ఆమె ఎగతాళికి అన్లేదు. నిజంగానే గుర్తుపట్టలేదు.

మన పక్క పాత బండి అంటే రెండే దారులు తెలుసు. ఒకటి గుజిరీ అంగడి, రెండోది రీపెయింట్. ఉన్న రంగును ఉన్నట్టే కాపాడుకునే మూడో దారి కూడా ఉండాది. ఖర్చు నిండా తక్కువ, ఓపిక జాస్తి కావల్ల.

పాత రంగు ఏమైతాదో ముందు తెలుసుకుందాం. ఈపొద్దు వచ్చే బండ్లకు రంగు మింద అద్దం మాదిరి క్లియర్ కోట్ ఉంటాది. ఆ కాలం బండ్లకు అది లేదు. ప్రైమర్ మింద రంగు, అంతే. అది నేరుగా ఎండకు కాగుతాది, పై పొర చచ్చి పొడి అవుతాది. తెల్లగుడ్డ తడిపి మెల్లగా రుద్ది చూడండి, గుడ్డకు రంగు అంటితే మీది ఆ రకం పెయింటే. ఆ పొడి కింద మంచి రంగు ఇంకా బతికే ఉంటాది. అయితే ఫ్యాక్టరీ పెయింటు మొత్తం మందం మన తలవెంట్రుకలు ఒకటి రెండు పేర్చినంత. మెరుపు కోసం రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్దిన ప్రతిసారీ దాంట్లో రోంత పోతాది. నాలుగు సంక్రాంతులు రుద్దితే ప్రైమర్ బయటపడతాది.

ఇంక కడిగే పని. సర్వీస్ స్టేషన్‌లో ప్రెషర్ గన్ వద్దు. పెచ్చులు లేచిన అంచుల కింద నీళ్లు దూరి ఉన్న రంగును ఊడబెరుకుతాయి. సబ్బు పొడి కూడా వద్దు, దాంట్లో ఉండే సోడా పాత రంగుకు మంచిది కాదు. నీడలో నిలబెట్టి, తలకు పోసుకునే మెత్తని షాంపూ రోంత బక్కెట్లో కలిపి, పాత నూలు పంచె ముక్కతో తుడిస్తే చాలు. మన బోరు నీళ్లు ఉప్పనివి, ఆరితే తెల్ల మచ్చలు పడతాయి, కాబట్టి వెంటనే పొడిగుడ్డతో ఒత్తల్ల. గ్రీసు ఉన్న తావ మాత్రం గుడ్డకు రెండు చుక్కలు కిరసనాయిలు. పెట్రోలు, థిన్నరు జోలికి పోవద్దండి. ట్యాంకు మింద గీతలు, స్టిక్కర్లు అన్నిటికంటే ముందు చెరిగిపోతాయి. పాత బుల్లెట్ ట్యాంకు మింద బంగారు గీతలుండాయే, అవి మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మనిషి కుంచె పట్టుకుని చేత్తో గీసినవి. ఒక కార్మికుడి చెయ్యి అది. అర నిమిషంలో తుడిచేయొచ్చు, మళ్ల తెప్పించలేం.

తుప్పు పట్టిన చోట సాండ్‌పేపర్ వెయ్యొద్దు. రాలే తుప్పును రోంత నూనెగుడ్డతో మెల్లగా తియ్యండి, గట్టిగా పట్టుకున్న తుప్పును వదిలెయ్యండి. క్రోమ్ మింద అయితే అల్యూమినియం ఫాయిల్‌ను ఉండచేసి నీళ్లలో తడిపి రుద్దితే పోతాది. ఇంగొక సంగతి, పాత పసుపు, ఎరుపు రంగుల్లో సీసం కలిసినవి ఉండాయి. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతాది. పిలకాయలు ఆడుకునే వాకిట్లో ఆ పని అస్సలు చెయ్యొద్దు.

తర్వాత మైనం. తేనెమైనమో, కార్ల అంగడిలో దొరికే కార్నోబా మైనమో పల్చగా పూసి, ఆరినాక మెత్తని గుడ్డతో తుడవండి. ఏడాదికి మూడు నాలుగు సార్లు చాలు. డీజిలు పూస్తే ఆ పూట మెరుస్తాది, సాయంత్రానికి దుమ్మంతా పట్టేస్తాది. కొందరు తుప్పు మిందనే క్లియర్ లక్కర్ కొట్టించేస్తాండారు. అది ఫోటోకు బాగుంటాది. లోపల తేమ చిక్కుకుని రెండు వానలకు పొరలు పొరలుగా లేస్తాది, దాన్ని తియ్యబోతే కింద ఉన్న రంగు కూడా వస్తాది. మైనం అట్ల కాదు, వద్దనుకుంటే తీసెయ్యొచ్చు.

బండిని గొడ్ల కొట్టంలో పెట్టేది మన అలవాటు. గంజు వాసనలో ఉండే అమ్మోనియా క్రోమును, ఇత్తడిని తినేస్తాది. కోళ్ల రెట్ట పడితే ఆ పూటే కడగల్ల. టమాటా బాక్సులు మోస్తే కారే రసంలో పులుపు, పొటాష్ మూటలు మోస్తే ఉప్పు, రెండూ ఇనుముకు శత్రువులే. ప్లాస్టిక్ పట్ట కప్పితే లోపల చెమ్మ ఆరదు, నూలుగుడ్డ కప్పండి.

బ్రేకులు, టైర్లు, వైరింగు మాత్రం కొత్తవి వేసుకోండి. రంగు పాతదిగా ఉంటే అందం, బ్రేకు పాతదయితే ఆస్పత్రి.

ఇదంతా ఏమిటికి అంటారా? ప్రపంచంలో పాత వాహనాల సమాఖ్య ఫీవా ట్యూరిన్ చార్టర్ ఆమోదించింది. పాతదాన్ని కొత్తగా చేసేదానికంటే ఉన్నదాన్ని కాపాడేదే ముందు అని దాని సారం. అమెరికా పెబుల్ బీచ్ పోటీలో రీస్టోర్ చెయ్యని కార్లకు వేరే తరగతే ఉండాది. ఆ సంగతి తెలిసినోళ్లు బెంగుళూరు నుంచి కుప్పం పక్క పల్లెలకు వస్తాండారు. మాసిన రంగును వాళ్లు ప్యాటినా అంటారు, మనతో మాత్రం "తుప్పు బండి" అని బేరమాడతారు. పుంగనూరు ఆవు సంగతి మీకు తెలిసిందే గదా. పొట్టిది, పాలు తక్కువని సంకరజాతి వెంట పడి దాన్ని పోగొట్టుకునేదాకా వచ్చినాం. పలమనేరు పరిశోధనా కేంద్రంలో మిగిలినవాటిని కాపాడినాక, ఈపొద్దు అందరికీ అదే కావల్ల.

రాజుల కార్లకు మ్యూజియంలు ఉండాయి. 1980లో హోసూరులో పుట్టిన టీవీఎస్ 50కి ఎవురుండారు? మన సీమలో పాలు, కూరగాయలు, ఎరువు మూటలు, బడికి పొయ్యే బిడ్డలు అన్నీ దాని మిందనే కదా పోయింది. ఆ తాడు గీతలు మన కష్టం లెక్క. గీకేస్తే ఆ లెక్క పోతాది.

ప్రభుత్వం కూడా 2021లో వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. 50 ఏండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చని టూవీలర్లు, కార్లకు వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, రిజిస్ట్రేషన్ పదేండ్లు. అయితే ఆ నంబరుతో రోజూ తిరగకూడదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రమే. పాలు పోసేవాడికి ఇది పనికొచ్చే చట్టమా? కాదు. మీరు రోజూ వాడే బండయితే మామూలు ఆర్సీనే 15 ఏండ్లు దాటినాక ఐదేండ్లకొకసారి రెన్యువల్ చేయించుకోండి. ఆర్సీ పోగొట్టుకుంటే బేరానికి వచ్చినోడి నోరు ఇంకా పెద్దదైతాది.

మా మామ బండిలో సీటు కింద అరచెయ్యంత తావ స్ప్రే అందలేదు. పాత మెరూన్ అట్లనే ఉండాది. మొన్న సీటు ఎత్తి అత్తకు చూపించి, దానికి మైనం పూసినా.