ముందు వారి మాట నేర్వాలి

శ్రీకాకుళం సీమలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవర పిల్లలకు చదువు చెప్పదలచి, ముందుగా తామే సవర భాష నేర్చుకొన్నారు. ఆ భాషలోనే వాచకాలు వ్రాశారు. విద్యార్థి ఉన్న చోటికి గురువే నడచి వెళ్లాలన్నది అందులోని సూత్రం.

ఈ సూత్రం పలకా బలపాలతో ముగిసిపోయేది కాదు. డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు సోకిన వృద్ధులకు సాధారణంగా నిన్నటి సంగతులు ముందు జారిపోతాయి; చిన్ననాటివి చాలాకాలం నిలుస్తాయి. ఎనభై యేళ్ల అవ్వ, "మాయమ్మ పిలుస్తంది, ఇంటికెల్లిపోతాను" అంటుంది. "మీ అమ్మ ఏనాడో పోయింది" అని దిద్దితే, ఆమెకది ప్రతిసారీ కొత్త మరణవార్తే. "మీయమ్మ ఏటి వండేది, మామ్మా?" అని అడిగినవారు ఆమె భాష నేర్చినవారు.

జబ్బుకంటె మనిషి ముందని ఇంగ్లండులో టామ్ కిట్‌వుడ్ 1997లో ఒక గ్రంథం వ్రాశాడు. సేవ చేసేవారిని మనుషులుగా చూడని చోట వృద్ధులకూ ఆ మన్నన దక్కదని ఆయన అభిప్రాయం. ఇది ఉపాధ్యాయులకు వింత కాదు. తనిఖీ అధికారి కసరిన పూట తరగతిలో పిల్లలు పడే అవస్థ వారెరిగినదే కదా!