వోల్టేజి తగ్గించినచో విద్యుత్తు పొదుపగునా?

మేము గ్రామములకు పోయినప్పుడు పంచాయతీ సభ్యులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు: "ఇంటికి వచ్చు వోల్టేజిని తగ్గించు పెట్టె నొకదానిని అమర్చుకొన్నచో కరెంటు బిల్లు తగ్గునా?" డబ్బు ఖర్చుపెట్టుటకు పూర్వము ఈ విషయమును అందరును తెలిసికొనుట అవసరము.

వోల్టేజి యనగా విద్యుత్తును తీగెలలో ముందునకు నెట్టు ఒత్తిడి. చెరువులో నీటిమట్టము ఎక్కువగా నున్నప్పుడు తూము నుండి నీరు జోరుగా పారును; మట్టము తగ్గినచో పారుదల మందగించును. విద్యుత్తు సంగతియు అట్టిదే. మన ఇండ్లకు రావలసిన వోల్టేజి 230.

మొదట నీళ్లు కాచు హీటరును చూతము. 230 వోల్టుల వద్ద 1,000 వాట్లు వాడు హీటరు 207 వోల్టుల వద్ద 810 వాట్లు మాత్రమే వాడును. ఇది లాభమని తోచును. కాని బిందెడు నీళ్లు కాగుటకు కావలసిన వేడి మారలేదు గదా! పూర్వము 20 నిమిషములలో కాగిన నీళ్లకు ఇప్పుడు సుమారు 25 నిమిషములు పట్టును. మీటరులో ఏమియు మిగులదు.

పాత ఫిలమెంటు బల్బు విషయమున కొంత తగ్గుదల నిజమే. వోల్టేజి 10 శాతము తగ్గినచో వాడుక సుమారు 15 శాతము తగ్గును. వెలుగు మాత్రము సుమారు 30 శాతము తగ్గిపోవును. పిల్లలు చదువుకొను దీపము మసకబారుట పొదుపు కాజాలదు. 60 వాట్ల బల్బు ఇచ్చు వెలుగును 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇచ్చును. దినమునకు 5 గంటల చొప్పున నెలకు మొదటిదానికి 9 యూనిట్లు ఖర్చుకాగా, రెండవదానికి యూనిటున్నర యైనను కాదు. 2015లో ప్రారంభమైన ఉజాలా పథకము ఈ బల్బులను ఇంటింటికి చేర్చుటకే ఏర్పడినది.

వోల్టేజిని అదుపుచేయుట వలన నిజముగా పొదుపు కలుగునది ఫ్యానునందు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుతో వేగము తగ్గించినచో వాడుకయు తగ్గును. పాత పెట్టె రెగ్యులేటరు మిగిలిన విద్యుత్తులో చాలభాగమును వేడిగా మార్చి వృథాచేయును.

మోటారుల సంగతి వేరు. వోల్టేజి బాగుగా తగ్గినప్పుడు బరువు మీదనున్న మోటారు ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి, తుదకు వైండింగు కాలిపోవును. మంచినీటి పథకపు మోటారు కాలినచో ఊరంతయు బిందెలతో దూరము పోవలసివచ్చును. కావున తక్కువ వోల్టేజి పొదుపునకు మార్గము కాదు, నష్టమునకు హేతువు.

కాలువ చివరి భూములకు నీరందనట్లే, లైను చివరి ఇండ్లకు వోల్టేజి చాలదు. లైను మిక్కిలి పొడవగుట, ట్రాన్స్‌ఫార్మరుపై బరువు ఎక్కువగుట, మూడు ఫేజులపై బరువు సమముగా లేకుండుట, అతుకులు వదులగుట ఇందులకు కారణములు. వోల్టేజిలో హెచ్చుతగ్గులు 6 శాతమునకు మించరాదని 1956 నాటి భారత విద్యుత్ నియమములు విధించినవి. నేటి 230 వోల్టులకు ఆ కొలతను అన్వయించినచో 216 నుండి 244 వరకు అగును.

ఇందు పంచాయతీ చేయదగిన పనులు కొన్ని గలవు. సాయంకాలము 6 నుండి 10 గంటల వరకు చివరి ఇండ్లలో వోల్టేజి ఎంత వచ్చుచున్నదో కొన్ని దినములు విద్యుత్ సిబ్బందిచే కొలిపించి వ్రాయించుడు. ఆ అంకెలతో తీర్మానము చేసి విద్యుత్ కార్యాలయమునకు పంపుడు. మోటారులకు తగిన కెపాసిటరులు పెట్టించుడు. వానివలన లైనులో కరెంటు తగ్గి వోల్టేజి నిలబడును. తెల్లవారిన పిమ్మట వీధిదీపములు ఆర్పించుడు. స్తంభముమీది పని లైన్‌మన్‌కే విడువుడు; గ్రామస్థు లెవ్వరును దానికి పూనుకొనరాదు.

ఈ విషయములను రాబోవు గ్రామసభలో చర్చించి, పెట్టెలు కొనుటకు సిద్ధపడిన కుటుంబములకు సభ్యులు తెలియజెప్పుదురని ఆశించుచున్నాము.