నూనె పండే దేశంలో నూనెకు కరువెందుకు?

ప్రపంచంలో పామాయిల్‌ను అందరికన్నా ఎక్కువగా తీసేది ఇండోనేషియా. అయినా 2022 మొదట్లో అక్కడి జనం వంటనూనె కోసం దుకాణాల ముందు బారులు తీరారు. పంట దేశానిదే, ధర మాత్రం ప్రపంచ మార్కెట్‌ది. అప్పటికే పెరుగుతున్న ఆ ధరను, యుక్రెయిన్ యుద్ధం పొద్దుతిరుగుడు నూనె రాకను దెబ్బతీసి మరింత ఎగదోసింది. బయట ఎక్కువ పలుకుతుంటే వ్యాపారి సొంత ఊళ్లో తక్కువకు ఎందుకు అమ్ముతాడు? ప్రభుత్వం ధరకు హద్దు పెడితే దుకాణాల్లో సరుకే కనబడలేదు.

అలాంటప్పుడు ఎగుమతులు ఆపేయొచ్చు కదా అంటారు. ఏప్రిల్ 28న ఆపారు కూడా. కొనేవాళ్లు లేక పామాయిల్ గెలల ధర పడిపోయింది, చిన్న రైతులు రోడ్డెక్కారు. మే 23న నిషేధం ఎత్తేశారు. పేద కుటుంబాలకు నూనె ఖర్చుకు నేరుగా డబ్బివ్వడం, ఇండోనేషియా అదే ఏడాది చేసిన ఆ పనే, నా దృష్టిలో మేలైన దారి. అది రైతు నోటి దగ్గర కూడు లాగదు.