బిళ్లల కోసం ఉమ్మడి బేరం
కమీషను లేని చీటీ!

పేకాటలో డబ్బు పోగొట్టుకున్న వారిని చూశాం. ఆటలో డబ్బుకు బదులు బల్ల మీద పెట్టే బిళ్లల కోసం నెలల తరబడి ఎదురుచూసేవారు ఉన్నారంటే మాత్రం నవ్వొస్తుంది. అమెరికాలో ఇలాంటివారికి కొదవ లేదు.

2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు పోకర్ ప్రపంచ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ తర్వాత అక్కడ ఇళ్లలో పోకర్ ఆడటం వెర్రిగా పెరిగింది. దుకాణాల నిండా బిళ్లల పెట్టెలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ప్లాస్టిక్కువే. బరువు కోసం లోపల లోహపు బిళ్ల దూర్చి, 11.5 గ్రాములని పెట్టె మీద గొప్పగా అచ్చు వేస్తారు. మట్టి కలిపిన మిశ్రమాన్ని అచ్చులో వేడిచేసి నొక్కి చేసే అసలు కాసినో బిళ్ల అంత బరువే ఉండదు. బరువును చూసి మోసపోవడం ఇత్తడి సామాను దగ్గరే కాదన్నమాట.

పేరున్న తయారీదారులలో కాసినోలకు తప్ప ఇతరులకు అమ్మనివారున్నారు. ఇళ్లవాళ్లకు చేసిపెట్టేవారు కొద్దిమంది. బొమ్మ గీయడానికి, అచ్చు సిద్ధం చేయడానికి విడిగా రుసుం పడుతుంది. అంచున వేసే రంగుల మచ్చలు పెరిగినకొద్దీ బిళ్ల ధర కూడా పెరుగుతుంది. అందుకే నలుగురూ కలుస్తారు. ఉదాహరణకు తయారీ ఏర్పాట్లకు 400 డాలర్లు అయితే ఒక్కడికి అది భారమే. ఇరవై మంది పంచుకుంటే తలా ఇరవై!

చెప్పడం తేలిక. రంగుల దగ్గరే తగాదా మొదలు. అమెరికా కాసినోలలో ఎరుపు 5, ఆకుపచ్చ 25, నలుపు 100 డాలర్లన్నది వాడుక. దాన్ని పాటించాలని ఒకరు, ఊదా రంగు కావాలని మరొకరు. అందరినీ ఒప్పించి, నమూనా తెప్పించి, డబ్బు వసూలు చేసి, సరుకు వచ్చాక ఇరవయ్యేసి దొంతులుగా లెక్కపెట్టి ఎవరి వాటా వారికి పోస్టులో పంపే పని ఒక్కరి నెత్తిన పడుతుంది.

మన చీటీ పెద్దకు ఇది తెలిసిన బాధే. అయితే చీటీకి చట్టం ఉంది. 2019 సవరణతో నిర్వాహకుడి కమీషను 5 నుంచి 7 శాతానికి పెంచడానికి వీలు కలిగింది. బిళ్లల పెద్దల్లో చాలామందికి మిగిలేది సొంత పెట్టె మాత్రమే. ఆర్డరు వెళ్లాక ఒకరు తప్పుకుంటే ఆ వాటా ఆయన జేబుకే చిల్లు. సరుకు ఆలస్యమైతే తిట్లూ ఆయనకే. తెలివైనవాడు నమూనా చూపించి, సంఖ్య ఖాయమయ్యేదాకా పైసా ముట్టడు. కర్మాగారం ఇచ్చిన బిల్లును అందరి ముందూ పెడతాడు. ఈ జాగ్రత్తలు లేనిచోట స్నేహాలు చెడటం వింతేమీ కాదు.

ఇది జూదం కాదా అంటే, బిళ్ల కొనడం కాదు. పందెం సంగతి వేరు. ఇంటివాడు ఆట మీద వాటా తీసుకోకపోతే అమెరికాలోని కొన్ని రాష్ట్రాలు చూసీచూడనట్లు ఉంటాయి. మన దగ్గర పేకలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని సుప్రీంకోర్టు 1967లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులోనే చెప్పింది. తర్వాత 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలను సవరించి బిగించాయి.

మళ్లీ బిళ్లల దగ్గరకు వస్తే, చివరి తిరకాసు రంగుదే. ఒక విడతలో కలిపిన మిశ్రమం రంగు మరో విడతలో అచ్చంగా అలాగే రావాలని లేదు. ఇప్పుడు ఐదొందలు చాలనుకున్నవాడు రెండేళ్లకు మరో వంద కావాలంటే పాత ఎరుపు పక్కన కొత్త ఎరుపు వెలవెలబోవచ్చు. అందుకే అనుభవమున్న పెద్దలు ఆర్డరు మూసేముందు ఒక్కొక్కరినీ మరోసారి అడుగుతారు: ఇంకో ఇరవై కలపమంటారా?