కనుగుడ్లు ముందుకు పొడుచుకొస్తే వేడి అనుకోవద్దు

నాగారం: కళ్లు ఎర్రబడి రెప్పలు వాచాయంటే ఇంట్లో పెద్దలు మొదట అనేమాట 'వేడి చేసింది' అని. మజ్జిగ తాగిస్తారు. మందుల షాపులో చుక్కల మందు కొని వేస్తారు. కండ్లకలక అయితే సాధారణంగా వారం, రెండు వారాల్లో తగ్గిపోతుంది. వారాలు గడిచినా తగ్గక, కనుగుడ్లు ముందుకు పొడుచుకొస్తుంటే మాత్రం అది థైరాయిడ్ వల్ల వచ్చే కంటిజబ్బు కావచ్చు. దాన్ని నిర్లక్ష్యం చేస్తే చూపే పోయే ప్రమాదముంది.

ఎందుకు వస్తుంది?

రోగాలనుంచి మనల్ని కాపాడవలసిన శరీరశక్తే పొరపాటున గొంతులోని థైరాయిడ్ గ్రంథిపై దాడి చేస్తుంది. ఆ దాడి కంటి వెనుకనున్న కండరాలకు, కొవ్వుకు కూడా తగులుతుంది. ఐర్లండ్ వైద్యుడు గ్రేవ్స్ 1835లో, జర్మనీ వైద్యుడు బాసెడో 1840లో ఈ జబ్బును వర్ణించారు.

కన్ను ఎముకల గూటిలో ఉంటుంది. లోపల కండరాలు వాచినా గూడు సాగదు. అందువల్ల కనుగుడ్డు ముందుకు వస్తుంది. వాపు మరీ పెరిగితే వెనుకనున్న చూపు నరం నలుగుతుంది.

రక్తం నడక తెలిపే స్కానింగ్

లోపల ఒత్తిడి ఎంత ఉందో తెలుసుకోవడానికి కలర్ డాప్లర్ స్కానింగ్ తోడ్పడుతుంది. గర్భిణులకు చేసే స్కానింగ్ వంటిదే ఇది. మూసిన రెప్పపై జిగురు మందు రాసి, చిన్న పరికరాన్ని నొక్కకుండా ఆనిస్తారు. మన చెవికి వినబడని శబ్ద తరంగాలు లోపలికి వెళ్లి, పారే రక్తానికి తగిలి తిరిగొస్తాయి. సూది పొడవరు. ఎక్స్‌రే కిరణాలుండవు.

సాధారణంగా, పరికరం వైపు వచ్చే రక్తం తెరపై ఎర్రగా, దూరంగా పోయేది నీలంగా కనిపిస్తుంది. కంటినుంచి వెనక్కు రక్తాన్ని తీసుకుపోయే పెద్ద సిర ఒకటుంది. కండరాలు వాచి దాన్ని నొక్కితే రక్తం నెమ్మదిస్తుంది. ఒక్కొక్కప్పుడు కనిపించనే కనిపించదు, లేదా ఎదురు నడుస్తుంది. దిగువ తూము మూసుకుపోతే కాలువ నీరు వెనక్కు తన్నినట్లే ఇది. మందులు వాడాక మళ్లీ తీస్తే నడక మెరుగుపడిందో లేదో పోల్చి చూడవచ్చు.

అయితే ఈ ఒక్క పరీక్షతోనే జబ్బును తేల్చరు. చూపు, రంగులు గుర్తించే శక్తి, థైరాయిడ్ రక్తపరీక్ష, అవసరమైతే సీటీ లేక ఎంఆర్ఐ కూడా చూస్తారు. రక్తపరీక్ష బాగానే ఉన్నా కంటిజబ్బు ఉండవచ్చు.

బీడీ మానాలి

ఈ జబ్బు స్త్రీలలో ఎక్కువ. పొగతాగే వారిలో ముదురుతుంది. బీడీ, చుట్ట, సిగరెట్టు ఏదైనా వెంటనే మానాలి. థైరాయిడ్ మందు క్రమం తప్పక వాడాలి. వాపు తీవ్రంగా ఉంటే స్టెరాయిడ్ మందులిస్తారు. నరం నలుగుతున్నా మందులకు లొంగకపోతే ఎముక కొంత తొలగించి చోటు కల్పిస్తారు.

వస్తువులు రెండుగా కనిపించడం, రెప్పలు పూర్తిగా మూతపడకపోవడం, రంగులు వెలవెలబోవడం, చూపు మసకబారడం ప్రమాద సూచనలు. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. నాగారం పరిసర గ్రామాలవారికి హైదరాబాదు దగ్గరే. మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి. వెళ్లేటప్పుడు పాత థైరాయిడ్ చీటీలు, వాడుతున్న మందులు వెంట తీసుకెళ్లాలి.