తోడేలుగా మారిన సరుకుల ఓడ

మన ఊళ్లో ధాన్యం బస్తాలను బండి మీదో లారీ మీదో తోలుతాం. సముద్రం దాటి వేరే దేశానికి పంపాలంటే ఓడ కావాలి. అలాంటి ఒక సరుకుల ఓడ కథ ఇది.

జర్మనీలో 1913లో ఒక కొత్త ఓడను కట్టారు. దాని పేరు వాఖ్ట్‌ఫెల్స్. అది హన్సా అనే కంపెనీది. ఆ కంపెనీ ఓడలు మన దేశపు రేవులకు కూడా వచ్చి సరుకులు దించేవి, ఎక్కించుకునేవి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మనీ ఒక వైపు, బ్రిటన్, ఫ్రాన్స్ మరో వైపు. అప్పుడు మన దేశం తెల్లదొరల పాలనలో ఉంది. బ్రిటన్‌కు తిండి, ముడిసరుకులు ఓడల మీదే పోయేవి. ఆ ఓడలను ముంచితే బ్రిటన్ దెబ్బతింటుందని జర్మనీ అనుకుంది.

వేషం మార్చిన ఓడ

1916లో జర్మనీ నౌకాదళం ఆ సరుకుల ఓడను తీసుకుంది. పేరు వోల్ఫ్ అని మార్చింది. వోల్ఫ్ అంటే తోడేలు. దాని మీద ఫిరంగులు పెట్టి, అవి కనపడకుండా దాచారు. దొంగ పొగగొట్టం పెట్టారు. దూరం నుంచి చూస్తే అది మామూలు సరుకుల ఓడే! ఓడలో ఒక చిన్న విమానం కూడా ఉంది. దాని ముద్దు పేరు తోడేలు పిల్ల.

ఓడ కడుపులో 450కి పైగా మందుపాతరలు ఉన్నాయి. సముద్రపు మందుపాతర అంటే మందు కూరిన ఇనుప గుండు. దానికి బరువు కట్టి నీళ్లలో వదులుతారు. బరువు అడుక్కి పోతుంది. గుండు నీటి పైకి కనపడకుండా నిలుస్తుంది. ఓడ తగిలితే పేలుతుంది.

వదిలింది ఎప్పుడు, పేలింది ఎప్పుడు?

1916 నవంబరు 30న వోల్ఫ్ జర్మనీ నుంచి బయలుదేరింది. 1917 ఫిబ్రవరిలో కొలంబో, బొంబాయి రేవుల దగ్గర మందుపాతరలు వదిలి వెళ్లిపోయింది. నాలుగు నెలలు గడిచాయి. జూన్ 23న మంగోలియా అనే ప్రయాణికుల ఓడ బొంబాయి దగ్గర మందుపాతరకు తగిలి మునిగిపోయింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. అప్పటికి వోల్ఫ్ వేల మైళ్ల దూరంలో, న్యూజిలాండ్ వైపు ఉంది.

బ్రిటన్ ఓడల్లో మన దేశపు కళాసీలు ఎందరో పనిచేసేవారు. పొట్టకూటి కోసం ఓడ ఎక్కిన వారికి ఈ యుద్ధంతో ఏం పని? మందుపాతరకు ఆ తేడా తెలియదు.

ఓడలో బందీలు

వోల్ఫ్ 14 ఓడలను పట్టుకుంది. వాటిలోని బొగ్గు, తిండి తీసుకుంది. మనుషులను బందీలుగా ఎక్కించుకుంది. వాళ్లు 400 మందికి పైగా అయ్యారు. అందులో ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. ఆరేళ్ల పాప కూడా ఉంది. తాజా కూరలు, పండ్లు లేక చాలామందికి స్కర్వీ జబ్బు వచ్చింది. చిగుళ్ల నుంచి రక్తం కారడం ఈ జబ్బు లక్షణం. నిమ్మ, ఉసిరి లాంటివి తింటే అది రాదు. నడిసముద్రంలో అవి ఎక్కడ దొరుకుతాయి?

451 రోజులు ఏ రేవులోనూ ఆగకుండా తిరిగి, 1918 ఫిబ్రవరి 24న వోల్ఫ్ జర్మనీ చేరింది. నావికులకు ఘనంగా స్వాగతం చెప్పారు.

కథ అక్కడితో అయిపోలేదు. జూన్ 26న న్యూజిలాండ్ దగ్గర విమెరా అనే ప్రయాణికుల ఓడ మందుపాతరకు తగిలింది. 26 మంది చనిపోయారు. అది వోల్ఫ్ ఏడాది కిందట వదిలిన మందుపాతరే. వదిలిన వాళ్లు ఇంటికి చేరారు. ప్రయాణం చేసిన వాళ్లు చేరలేదు.

1918 నవంబరులో యుద్ధం ముగిసింది. జర్మనీ ఓడిపోయింది. వోల్ఫ్‌ను ఫ్రాన్స్‌కు ఇచ్చారు. పేరు మళ్లీ మారింది. ఓడ మళ్లీ సరుకులు మోసింది. 1931లో దాన్ని విరిచి తుక్కు కింద అమ్మేశారు.

ఓడ తనంతట తాను తోడేలు కాలేదు. మనుషులే దాన్ని అలా మార్చారు. మళ్లీ బస్తాలు మోయించిందీ మనుషులే.

చదివి చెప్పండి

1. వోల్ఫ్ అంటే అర్థం ఏమిటి?
2. ఓడ వెళ్లిపోయాక కూడా జనం ఎందుకు చనిపోయారు?
3. యుద్ధంలో పాల్గొనని వారికి యుద్ధం వల్ల ఏం నష్టం? పదిమందీ కూర్చుని మాట్లాడుకోండి.